ముసలి పెట్టకు సేవ

మా ఇంట తొమ్మిదేండ్ల పెట్ట యొకటి కలదు. గుడ్లు పెట్టుట మాని మూడేండ్లయినది. మునుపు ఆ గుడ్లమ్మిన సొమ్ముతోనే మనుమరాలికి నోటుపుస్తకములు కొంటిమి. 2024 జనవరిలో బెలాల్ తుఫాను మన మారిషస్ దీవిని తాకిన నాడు అది ఆ పిల్ల ఒడిలోనే యుండెను.

గత మాసమున అది మేత ముట్టక, రెక్కలు వ్రేలవైచి మూల కూర్చుండెను. తెల్లవారి తడిమి చూడగా మేతసంచి రాయివలె నుండెను. ఆరోగ్యము గల కోడికి రాత్రి గడచునప్పటికి అది ఖాళీ కావలయును.

"గుడ్డు పెట్టని కోడికి మందేల? కూర వండుకొనుడు" అని బంధువులు పలికిరి. సంఘసోదరులలోను పలువురి మతమిదియే. మందు ఖర్చు కోడి వెలను మించినమాట నిజమే. అయినను నేను సమ్మతింపలేదు. ప్రక్కనే నిలిచిన మనుమరాలు, "తాతా, మంచములోనున్న ముత్తవ్వ కూడ ఇప్పుడు పని చేయదు గదా?" అని యడిగెను. ఎవ్వరును మరల నోరెత్తలేదు.

తక్కిన కోళ్ళు పొడువకుండ దానిని వేరు గంపలో, గోనె పరచి, వెచ్చగా నుంచితిమి. పశువైద్యుడు చూపినట్లు మేతసంచిని వ్రేళ్ళతో మెల్లగా మర్దించి, గోరువెచ్చని నీటిని ముక్కు అంచున చుక్కలుగా తాకించితిమి. గొంతులో పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవును. బాధ తీరదని వైద్యుడు చెప్పియుండినచో సుఖముగా పోనిచ్చుటకు ఒప్పుకొనియుందును. పనికిరాదని కోయుట వేరు. పెక్కు కోళ్ళొక్కసారి చచ్చుచున్నచో మాత్రము తాకక, ప్రభుత్వ పశువైద్యునికి తెలుపవలెను.

పండ్రెండవ నాటి ఉదయమున అది గంప దిగి, ముత్తవ్వ మంచము క్రింద అన్నపు మెతుకులు వెదకుచుండెను.