దిమ్మె కొనేముందు రెజిన్ డబ్బా చదవాలి

సొంతంగా కారు తయారుచేసే ఇంజనీరింగ్ విద్యార్థులు ఇప్పుడు అరుదు కాదు. షెల్ ఎకో-మారథాన్, ఫార్ములా భారత్ వంటి పోటీల కోసం దేశంలోని కాలేజీ జట్లు కష్టపడుతున్నాయి. మోటారు, బ్యాటరీల మీద నెలల తరబడి లెక్కలు వేసే జట్టు కూడా కారు బాడీ దగ్గరికి వచ్చేసరికి దగ్గర్లో చౌకగా దొరికే థర్మోకోల్‌తో పని మొదలుపెట్టేస్తుంది. చిక్కు అక్కడే వస్తుంది. ఏ పదార్థంతో దిమ్మె చేయాలన్నది ధర తేల్చే విషయం కాదు. దాని మీద పోసే రెజిన్ తేల్చే విషయం.

ఫైబర్ గ్లాస్ బాడీ తయారీ మూడు మెట్ల పని. ముందు కారు ఆకారంలో దిమ్మె చెక్కాలి. దానికి మైనం పూసి, గాజు బట్టా రెజినూ పొరలుగా పరిస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చు లోపల మళ్లీ పొరలు వేస్తే బాడీ వస్తుంది. ఉక్కు రేకును వంచే ఖరీదైన డైలు అక్కర్లేదు కాబట్టే 1953లో అమెరికాలో షెవర్లే కార్వెట్, 1980లలో బెంగళూరులో సిపానీ డాల్ఫిన్ ఈ దారి పట్టాయి. పని ముగిశాక దిమ్మె చెత్తకుప్పలోకి పోతుంది. దాని మీది గుంత మాత్రం కారు మీద ఉండిపోతుంది.

థర్మోకోల్ అంటే పాలిస్టైరీన్ నురుగు. చౌకగా దొరికే పాలిస్టర్ రెజిన్‌లో మూడో వంతు నుంచి సగం దాకా స్టైరీన్ ద్రవం ఉంటుంది. ఆ స్టైరీన్ అణువులే గొలుసుగా కలిస్తే పాలిస్టైరీన్. అందుకే రెజిన్ తగలగానే థర్మోకోల్ కరిగి గుంతలు పడుతుంది. నున్నగా, గట్టిగా కనిపించే నీలం, గులాబీ రంగు ఫోమ్ షీట్లు చాలావరకు అదే జాతి. కారు డొక్కులు పూడ్చే పుట్టీలోనూ స్టైరీన్ ఉంటుంది. మధ్యలో నీటి రంగు పూస్తే సరిపోతుందన్న ధీమా ప్రమాదం. సూది మొనంత రంధ్రం మిగిలినా రెజిన్ లోపలికి దిగుతుంది.

ఎపాక్సీ రెజిన్‌లో స్టైరీన్ ఉండదు, అది థర్మోకోల్‌ను కరిగించదు. 1970లలో అమెరికన్ డిజైనర్ బర్ట్ రూటాన్ రూపొందించిన వేరీఈజీ విమానం రెక్కలు ఇలా తయారైనవే. పాలిస్టైరీన్ ఫోమ్‌ను వేడి తీగతో కోసి, దాని మీదే గాజు బట్ట, ఎపాక్సీ వేశారు. అచ్చు అవసరమే రాలేదు. ఒక్క కారు మాత్రమే కావాలనుకునే జట్టు ఈ దారిని ముందుగా ఆలోచించాలి. ఎపాక్సీ ధర ఎక్కువే. కానీ అచ్చుకు పట్టే రెజిన్, గాజు బట్ట, రోజులు మిగులుతాయి.

అచ్చు కావాల్సిందే అంటే పాలీయూరిథేన్ ఫోమ్ మేలు. స్టైరీన్‌ను తట్టుకుంటుంది. దాన్ని వేడి తీగతో మాత్రం కోయకూడదు, విషవాయువులు వస్తాయి. రంపం, ఆకురాయి వాడాలి. ఆకారం తప్పకుండా ప్లైవుడ్ పలకలను కారు అడ్డుకోతల రూపంలో కోసి వరసగా నిలబెట్టి, మధ్య ఖాళీలను ఫోమ్‌తో నింపి పలక అంచు దాకా అరగదీస్తే ఎడమకూ కుడికీ తేడా రాదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ స్టైరీన్‌కు లొంగదు. ధూల్‌పేటలో గణపతి విగ్రహాలు పోసేవారికి దాని గుణాలు బాగా తెలుసు. అయితే 3 మీటర్ల దిమ్మె చేస్తే కదల్చలేనంత బరువవుతుంది. లోపల తేమ మిగిలితే రెజిన్ సరిగా గట్టిపడదు. కుమ్మరి మట్టి ఆరేకొద్దీ కుంచించుకుని పగులుతుంది. కార్ల కంపెనీలు వాడే మట్టి వేరు. అందులో నీటికి బదులు మైనం, నూనె ఉంటాయి కాబట్టి ఆరదు, పగలదు.

వేడి లెక్కనూ మరవకూడదు. 3 మీటర్ల పాలిస్టైరీన్ దిమ్మె మొత్తంగా 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. రేకుల షెడ్డులో ఉదయం తీసిన కొలతను మధ్యాహ్నం నమ్మలేం.

అన్నిటికన్నా ముఖ్యం మనుషుల ఆరోగ్యం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల్లో చేర్చింది. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు. దానికి కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు, గాలి ఆడే చోటు కావాలి. రెజిన్‌ను గట్టిపరచే ద్రవం చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయనివ్వకూడదు. పోటీకి జట్టును పంపే కాలేజీ టీ-షర్టులకన్నా ముందు వీటికి డబ్బు కేటాయించాలి.

ఏ పదార్థం ఎంచుకున్నా, పూర్తి దిమ్మె చెక్కేముందు అరచేతంత ముక్క మీద అదే రంగు, అదే పుట్టీ, అదే రెజిన్ వేసి ఒక రోజు ఆగాలి. అయ్యే ఖర్చు కొద్ది రూపాయలు. తప్పేది నెల రోజుల శ్రమ నష్టం.