ఒక్క పడవకు ఒక అచ్చా?

పందెపు తెరచాప పడవ ఇంట్లో కట్టుకుంటానని నోరు జారితే చాలు, తెలిసినవాళ్లంతా ఒకటే పాట: "కడితే కార్బన్ ఫైబర్‌తో కట్టు, చెక్కతో అయితే దండగ." అమెరికాస్ కప్ పడవలు నీటికి పైన ఎగరడం చూసిన కళ్లకు ప్లైవుడ్ ఆనదు మరి. ఆ పడవల వెనకున్న అచ్చులు, ఓవెన్లు, మైనస్ 18 డిగ్రీల చలిలో దాచుకునే రెజిన్ పట్టించిన గుడ్డ చుట్టలు మాత్రం ఈ సలహాలో ఎక్కడా కనపడవు.

లెక్కలోకి వద్దాం. కార్బన్ గట్టిదే, కాదనను. కానీ పడవ పక్కపలక లాగి తెంపే తాడు కాదు, అల తన్నినప్పుడు లోపలికి వంగకుండా నిలవాల్సిన పలక. ఒకుమే కర్ర ప్లైవుడ్ ఘనమీటరుకు సుమారు 500 కిలోలు, కార్బన్ రేకు 1,500 పైమాటే. అంటే అదే బరువుకు ప్లైవుడ్ మూడింతల మందం వస్తుంది. మందం మూడింతలైతే వంగని గుణం 27 రెట్లు పెరుగుతుంది. కార్బన్‌కు పుట్టుకతో ఉన్న మొగ్గు అందులో కొట్టుకుపోతుంది. దీన్ని దాటాలంటే కార్బన్‌ను రెండు పల్చటి పొరలుగా విడదీసి నడుమ ఫోమ్ పెట్టాలి. అక్కడ కార్బన్‌దే గెలుపు. ఇంట్లో కట్టుకునేవాడు ఓడేదీ అక్కడే. వాక్యూమ్ పెట్టి గాలి పీల్చి అదమకుండా బ్రష్‌తో అద్దుకుంటూ పోతే గుడ్డ ఎంత బరువో రెజినూ అంత తాగుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. డబ్బు పోసి కొన్నది కార్బన్, నీళ్లలో మోసేది రెజిన్.

ఇక అచ్చు. ముందు పడవ ఆకారంలో ఒక దిమ్మ చెక్కి నునుపు చేయాలి, దాని మీద అచ్చు తీయాలి, ఆ అచ్చులోంచి పడవ తీయాలి. ఒక్కదాన్ని నీళ్లలో దించడానికి మూడు పడవల చాకిరీ! వంద పడవలు తీసే ఫ్యాక్టరీకి గిట్టుతుంది గానీ, కారు షెడ్డులో ఆదివారాలు పని చేసుకునేవాడికి ఎలా గిట్టుతుంది?

1960ల మొదట్లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ కలిసి దీనికి జవాబు చెప్పేశారు. డైలీ మిర్రర్ పత్రిక పేరు పెట్టుకున్న వాళ్ల మిర్రర్ పడవ పొడవు 3.3 మీటర్లు. ప్లైవుడ్ ముక్కలు కోసి, అంచుల్లో చిల్లులు పెట్టి, రాగి తీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ అంటించడమే. అచ్చు లేదు. అలాంటివి 70,000 దాకా తయారయ్యాయి, పందేలాడాయి. కుట్టు పడవ మనకేం కొత్త? కోరమండల్ తీరంలో మసులా పడవ పలకల్ని కొబ్బరి పీచు తాడుతోనే కుట్టేవారు. అక్కడ కుట్టు ఉండిపోతుంది, కెరటాలకు పడవ సాగుతూ నిలవాలని. మిర్రర్‌లో తీగ పని జిగురు ఆరేదాకానే.

చెక్క పాతబడిందనేవాళ్లు గోల్డెన్ డేజీని మరిచిపోతారు. అమెరికాలో గూజాన్ సోదరులు చెక్కకు తేమ చొరకుండా ఎపాక్సీ పట్టించి కట్టిన ఆ పడవ 1975లో కెనడాస్ కప్ గెలిచింది. పైగా చాలా తరగతుల పడవలకు కనీస బరువు నియమం ఉంటుంది. కార్బన్‌తో తగ్గించిన కిలోల్ని సీసం ముక్కలుగా తిరిగి బిగించుకోవాలి!

నీటికి పైన ఎగిరే మాత్ పడవ కావాలంటే మాత్రం నా మాట వినకండి, అక్కడ చెక్క పని అయిపోయింది. తెరచాప కొయ్య కూడా కార్బన్‌దే కొనండి, పైన తగ్గిన ప్రతి కిలో పడవను నిటారుగా నిలుపుతుంది.

చెక్క అన్నాను కదా అని బజారుకు పరుగెత్తొద్దు. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర జిగురు తడికి ఆగుతుందని చెబుతుంది, కర్ర తేలికని కాదు. గర్జన్ లాంటి కర్రతో చేసిన షీటుతో కట్టేది పందెపు పడవ కాదు, సరుకుల పడవ. చవకని పాలిఎస్టర్ రెజిన్ రాస్తే చెక్కను సరిగా పట్టుకోదు, కొన్నాళ్లకు పొరగా లేచి వస్తుంది. ఎపాక్సీయే కొనండి. మన ఎండల్లో కప్పు నిండా కలిపితే కప్పులోనే పొగలు కక్కి గడ్డకడుతుంది, కొద్దికొద్దిగా కలిపి వెడల్పాటి పళ్లెంలో పోయండి. పూసిన వెంటనే రబ్బరు రేకుతో మిగులు గీరి డబ్బాలో వేయండి. పని చివర ఆ డబ్బాను కాటా మీద పెట్టండి. అందులో ఎంత తూగితే మీ పడవ అంత తేలికైనట్టు.