తలుపు తెఱచిరి, పీఠ మేది?

1875వ సంవత్సరమున మదరాసు వైద్య కళాశాల మొట్టమొదట నలుగురు స్త్రీలను జేర్చుకొనెను. నాటినుండి 150 ఏండ్లు గడచినవి. నేడు మన వైద్య కళాశాలల తరగతిగదులు విద్యార్థినులతో నిండి యున్నవి. కాని ప్రిన్సిపాలుగారి గదిలోనికి బోయి, గోడమీద వ్రేలాడు పూర్వపు ప్రిన్సిపాళ్ల పటములను జూడుడు. వానిలో స్త్రీమూర్తు లెన్ని? పఠితలారా! మీ యూరి కళాశాలలో మీరే లెక్కించుకొనుడు. ప్రవేశద్వారమున గనబడు సమానత్వము అధికారపీఠముకడ నేల కనబడదు?

స్త్రీకి సామర్థ్యము చాలదను వాదము సాక్ష్యముచేతనే కొట్టివేయబడినది. హైదరాబాదున రూపాబాయి ఫర్దూన్‌జీ 19వ శతాబ్దాంతముననే క్లోరోఫారము నిచ్చు విద్యయందు పేరుగాంచెను. 1890లో విశాఖపట్టణమున జన్మించిన డాక్టరు హిల్డా లాజరస్ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు మొదటి భారతీయ డైరెక్టరయ్యెను. ఢిల్లీలో 1956లో వెలసిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు 1984లో డాక్టరు స్నేహ్ భార్గవ డైరెక్టరై, ఆ పీఠ మెక్కిన మొదటి స్త్రీ యయ్యెను. ఇట్టి పేర్లను జెప్పి తృప్తిపడువారు గలరు. ఒక్కొక్క పేరును వెదకి చెప్పవలసి వచ్చుటయే మా ఫిర్యాదు!

"సంసారభారము గల స్త్రీ పరిశోధన కెట్లు పూనుకొనగలదు?" అని పెద్దలు ప్రశ్నింతురు. అయ్యా! ఆ భార మెవరు మోపిరి? ఉన్నతపట్టమునకు జదువుటయు, పరిశోధన కారంభించుటయు, అధ్యాపకపదవికి బోటీపడుటయు నించుమించుగా 25, 35 ఏండ్ల నడుమనే జరుగును. బిడ్డలను గని పెంచు కాలమును నదియే. పురుషుని ఖాతాలో బ్రచురితవ్యాసములు పెరుగుచుండ, తల్లి ఖాతాలో ఖాళీ యేర్పడును. కాళ్లు గట్టి పరుగెత్తు మనుట, వెనుకబడితివని నిందించుట! ఇది యెక్కడి న్యాయము?

చట్టము లేక కాదు. 1961లో ప్రసూతి సౌకర్యముల చట్టము వచ్చెను. 2017 నాటి సవరణ మొదటి యిద్దఱు బిడ్డలకు 26 వారముల సెలవును, 50 మందికి దక్కువగాని ఉద్యోగులు గల చోట శిశుసంరక్షణశాలను విధించెను. అక్షరము పుస్తకమున నున్నది. ఆసుపత్రిలో నుయ్యెల యేది? 2024 ఆగస్టు 9న కలకత్తాలో నొక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనే, రాత్రివిధిలో నున్న యువ వైద్యురాలు అత్యాచారమునకు గురియై హతురాలయ్యెను. రేయి పనిచేయు వైద్యురాలికి గడియ గల గది నొకటి చూపజాలనివారు, ఆమె తమతో సమానురాలని యే నోట బలుకుదురు?

మేము కోరునది దయ గాదు, బాకీ. ప్రతి కళాశాలయు నేటేట ఆచార్యపదవులలోని స్త్రీపురుషుల సంఖ్యను బ్రకటింపవలెను. నియామకసంఘములలో స్త్రీలకు స్థాన మీయవలెను. ప్రసూతికాలమును వయోపరిమితి లెక్కనుండియు, పరిశోధనవ్యవధినుండియు మినహాయింపవలెను. శిశుశాలయు, సురక్షితమైన విశ్రాంతిగదియు లేని కళాశాలకు తనిఖీదారులు యోగ్యతాపత్ర మీయరాదు.

సోదరులారా! మన ఆడుబిడ్డలను వైద్యవిద్యకు బంపి గర్వించుట చాలదు. నేర్చినవారు నేర్పు పీఠముపై గూర్చుండువఱకు మన మడుగుచుండవలెను. 150 ఏండ్ల వాయిదా చాలును!