ఇది 'వాళ్ల' రోగం కాదు

1981లో అమెరికాలో ఎయిడ్స్ మొదట బయటపడ్డది స్వలింగ సంపర్కులైన మగవాళ్లలో. 1986లో మన దేశంలో హెచ్ఐవీ తొలిసారి దొరికింది చెన్నై సెక్స్ వర్కర్ల రక్త నమూనాల్లో. అప్పటి నుంచి ఇది 'వాళ్ల రోగం' అనే అపోహ పాతుకుపోయింది. వాస్తవం వేరు. మన దగ్గర హెచ్ఐవీ ప్రధానంగా పాకింది స్త్రీ పురుష సంబంధాల ద్వారానే.

సోకిన కొత్తలో జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు వచ్చిపోవచ్చు. తర్వాత ఏండ్ల తరబడి మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. రోగనిరోధక శక్తి కుంగాక నెల దాటిన జ్వరం, విరేచనాలు, నోట్లో తెల్లపూత, ఒంటిపై సర్పి, సగమైపోయిన మనిషి. చాలామందిలో మొదట కనబడేది టీబీయే. అందుకే టీబీ తేలిన ప్రతివారినీ హెచ్ఐవీ పరీక్ష చేయించుకోమంటారు.

మరి ఇల్లాలి సంగతేమిటి? భర్త మంచాన పడ్డాకనో, కడుపుతో ఉన్నప్పటి పరీక్షలోనో ఆమెకు తెలుస్తుంది. రోగం తెచ్చింది ఎవరు? నింద మోస్తున్నది ఎవరు?

2004 నుంచి సర్కారు ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నది. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన వెంటనే మందు మొదలుపెడుతున్నారు. రోజూ మింగితే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. అలా ఉన్నంతకాలం లైంగికంగా మరొకరికి సోకదు. చదువులో, కొలువులో, వైద్యంలో వివక్షను 2017 చట్టం నిషేధించింది.

విద్యార్థులను, ఉద్యోగులను మేం కోరేది ఒక్కటే. పరీక్షకు సిగ్గుపడకండి. పాజిటివ్ అయిన తోటివాడిని వెలివేయకండి. చంపుతున్నది వైరస్ ఒక్కటే కాదు, మన మౌనం కూడా.