పడడం కూడా ఒక విద్యే

"పడిపోతావు, జాగ్రత్త!" అనే మాట మన ఇళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు వినబడుతుందో ఎవరైనా లెక్క కట్టారో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం అందులో ముప్పాతిక మువ్వీసం నా నోటి వెంటే వస్తుంది. ఆ మాట ఎంత పని చేసిందో నాకు ఈమధ్యనే తెలిసొచ్చింది.

మా మనవరాలికి పదేళ్ళు. వేసవి సెలవులు అయిపోగానే దాన్ని జూడోలో చేర్చారు. చేర్చింది మా కోడలు; వెనక ఉండి చేర్పించింది మా ఆవిడ. "ఆడపిల్లకి ఈ కుస్తీలేమిటే?" అంటే, "ఆడపిల్ల గనకనే" అని ఊరుకుంది. పిల్లని సాయంత్రం తీసుకెళ్ళి తీసుకురావడం, పెన్షను పుచ్చుకుని ఖాళీగా ఉన్నవాణ్ణి గనక, నా వంతుకి వచ్చింది.

జూడో అంటే ఎదటివాణ్ణి ఎత్తి పడెయ్యడమని తప్ప నాకేమీ తెలియదు. తీరా వెళ్ళి చూద్దునుగదా, మొదటి మూడు వారాలూ ఎవరూ ఎవర్నీ ఎత్తనూ లేదు, పడెయ్యనూ లేదు. పిల్లలందరూ వరసగా నిలబడి తమంత తాము పడుతున్నారు! దీన్ని జపాను భాషలో 'ఉకేమి' అంటారట. పడడానికీ ఒక పద్ధతి ఉంది సుమండీ. గడ్డం గుండెకి ఆనించి, నడుముకి కట్టిన పట్టీ వంక చూడాలి. అలా చూస్తే తల నేలకి కొట్టుకోదు. వీపు గుండ్రంగా వంచాలి. వీపు ఆనే క్షణంలోనే చేతిని బారుగా చాపి పరుపుమీద ఫట్టుమని చరచాలి. ఊపిరి బిగబట్టకూడదు. దెబ్బ ఒక్కచోటే తగలకుండా చెయ్యీ వీపూ కలిసి పంచుకుంటాయన్నమాట.

వెల్లకిలా పడడం, పక్కకి పడడం మా పిల్ల చులాగ్గానే నేర్చింది. చిక్కల్లా ముందుకి దొర్లడంతో వచ్చింది. కుడికాలు ముందుకి వేసి, కుడిచేతిని బండిచక్రంలా వంచి, ఆ చేతి అంచుమీదుగా కుడి భుజం మీంచి ఎడమ తుంటిదాకా ఏటవాలుగా దొర్లిపోవాలి. చూడ్డానికి మన పిల్లిమొగ్గలాగే ఉంటుంది గాని, పిల్లిమొగ్గ నెత్తిమీంచి, ఇది భుజం మీంచి. తల అసలు తగలనే కూడదు.

మిగతా పిల్లలు దొర్లిపోతున్నారు. ఇది వంగుతుంది, చెయ్యి పరుపుమీద పెడుతుంది, అక్కడే కొయ్యబారిపోతుంది. ఒక రోజు, రెండు రోజులు, వారం. తరవాత సరిగ్గా జూడో ఉన్న రోజునే సాయంత్రం నాలుగింటికి కడుపునొప్పి రావడం మొదలైంది. ఆ నొప్పి ఎలాంటిదో నాకు తెలుసు. అయినా "పోనీ, మానిపించేద్దాం" అన్నాను. మా కోడలు కూడా మెత్తబడింది.

నేర్పే అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో. పిల్లలు 'మేడమ్' అంటారు. నన్ను 'బాబాయిగారూ' అంటుంది. మానిపించే సంగతి చెబుదామని వెళ్ళాను. నేను నోరు విప్పేలోపునే ఆమె, "బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. ఓ నాలుగు రోజులు మీరు హాలు బయట కూర్చుంటారా?" అంది.

ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ ముక్కుసూటిగా, "అది వంగినప్పుడల్లా మీరు బల్లమీంచి 'జాగ్రత్తమ్మా' అని అరుస్తుంటే అదెలా దొర్లుతుంది? అడుగులు నేర్చిన రోజునుంచీ దాని చెవిలో అదేగా!" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అరవై ఏళ్ళనాటి సంగతి జ్ఞాపకం వచ్చింది.

విజయనగరం ప్రాంతంలో నా చిన్నతనంలో సాముగరిడీలంటే కుర్రకారుకి ఎంత వెర్రో! కోడి రామమూర్తిగారి బలం గురించి కథలు వింటూ పెరిగినవాళ్ళం. నేనూ పదకొండో ఏట ఒక తాలింఖానాలో చేరాను. దండీలు, బస్కీలు, కర్రసాము అన్నీ బాగానే సాగాయి. ఒకనాడు వస్తాదుగారు నలుగురు కుర్రాళ్ళని వరసగా వంగోబెట్టి, పరుగెత్తుకొచ్చి వాళ్ళమీదుగా పిల్లిమొగ్గ వెయ్యమన్నారు. అంతకుముందు ఒక్కణ్ణి కూడా దాటి ఎరగను. "భయంగా ఉందండీ" అన్నాను. అందరూ నవ్వారు. "మగపిల్లాడివి కాదురా?" అన్నారాయన. పరుగెత్తాను. సగంలో మనసు మారిపోయింది. నేలని ఆపుదామన్నట్టుగా చెయ్యి చాపాను. మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకున్నాను, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. వర్షం వచ్చే ముందు ఆ చెయ్యి ఇప్పటికీ సలుపుతుంది.

మర్నాడు వెళ్ళి, ఎందుకు చెప్పానో తెలియదు, ఆ కథంతా మేడమ్‌తో చెప్పాను. ఆమె నా మణికట్టు వంక చూసి, "చెయ్యి విరగ్గొట్టింది పిల్లిమొగ్గ కాదు బాబాయిగారూ. సగంలో ఆగిపోయారే, అది. పడేటప్పుడు ఎవరైనా చెయ్యే చాపుతారు. ఒంటి బరువంతా ఆ ఒక్క చేతిమీద పడుతుంది. మణికట్టో, మోచెయ్యో, మెడ ఎముకో లొంగిపోతుంది. అందుకే ముందు పడడం నేర్పేది" అంది.

"మరి భయం పోయేదెలా?"

"పొమ్మంటే పోదండీ. ఏ ఎత్తులో భయం లేదో అక్కణ్ణించి మొదలెట్టాలి."

ఆ రోజునుంచి బయట కూర్చుని కిటికీలోంచి చూశాను. పిల్లని నిలబెట్టి 'దొర్లు' అనడం మానేసింది. ముందు మోకాళ్ళమీద కూర్చోబెట్టింది. అక్కణ్ణించి నేల జానెడే కదా! తన చెయ్యి దాని పొట్టకింద పెట్టి మెల్లిగా దొర్లించింది. పదిసార్లు. మర్నాడు చెయ్యి తీసేసింది. ఆ తరవాత గొంతుకూర్చుని. ఆ తరవాత సగం వంగి. ఒకనాడు మళ్ళీ కొయ్యబారితే, "ఏం ఫరవాలేదు, నిన్నటి మెట్టుకి పోదాం" అంది. ఎవరూ నవ్వలేదు. నవ్వబోయిన కుర్రాణ్ణి ఒక్క చూపు చూసింది.

నేను కిటికీ దగ్గర ఊరికే కూర్చోలేక జూడో గురించి చదవడం మొదలెట్టాను. ఈ విద్యకి మూలపురుషుడు జిగోరో కానో. 1860లో పుట్టాడు. మనిషి బక్కపలచన, బడిలో బలమైన పిల్లలు ఏడిపించేవారట. 1877లో ఫుకుదా హచినోసుకే అనే గురువు దగ్గర పాత జుజుత్సు విద్యలో చేరాడు. ఒకసారి గురువు తనని పడేస్తే, "చెయ్యి ఎలా పెట్టారు, కాలు ఎలా పెట్టారు?" అని అడిగాడట. గురువు జవాబు చెప్పకుండా మళ్ళీ పడేశాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ పడేశాడు. మాటలతో రాదు, లెక్కపెట్టలేనన్నిసార్లు చేస్తేనే వస్తుందని భావం. 1882లో కానో టోక్యోలో ఎయిషోజీ అనే గుడిలో, పన్నెండు చాపలు పట్టేపాటి చోట, తన 'కోడోకాన్' పెట్టాడు. 1964లో టోక్యో ఒలింపిక్సులో జూడోకి చోటు దొరికింది. ఆడవాళ్ళకి పతకాలు మాత్రం 1992 బార్సిలోనాదాకా రాలేదు.

ఇంకొక సంగతి నాకు మరీ నచ్చింది. ఆ ఫుకుదాగారి మనవరాలు కీకో ఫుకుదా. పొట్టి మనిషి. కానో దగ్గరే నేర్చుకుంది. 2011లో, తొంభై ఎనిమిదో ఏట, అమెరికా జూడో సంస్థ ఆమెకి పదో డాన్ ఇచ్చింది. ఆ విద్యలో అది చాలా ఎత్తయిన మెట్టు.

ఈ కథ చెబితే మేడమ్ నవ్వి, "లెక్క పెరగాలన్నది నిజమే. అయితే లెక్క ఏ ఎత్తునుంచి మొదలెట్టాలో చూడ్డం నేర్పేవాళ్ళ పని" అంది. మా వస్తాదుగారు చెడ్డవారు కారు. ఆ ఒక్క లెక్కే తప్పారు.

పదకొండో రోజున మా పిల్ల నిలబడి, వంగి, గుండ్రంగా దొర్లింది. సొంపుగా ఏమీ లేదు. కాళ్ళు ధబ్బున పడ్డాయి. తల మాత్రం తగల్లేదు. లేచి ముందు కిటికీ వంకే చూసింది. నోటిదాకా వచ్చిన 'జాగ్రత్త'ని ఎలా మింగానో నాకే తెలియదు. చప్పట్లు కొట్టాను.

ఎడమవైపు ఇంకా రాలేదు. అటువైపు మళ్ళీ మోకాళ్ళమీంచే మొదలెట్టారు. కడుపునొప్పి మాత్రం కనబడడం లేదు.

ఇది చదివి ఎవరూ ఇంట్లో గచ్చుమీద ప్రయోగాలు చెయ్యకండి. దానికి పరుపూ కావాలి, తెలిసినవారి కన్నూ కావాలి. నేను మాత్రం మొన్న మేడమ్ అనుమతితో పరుపుమీద వెల్లకిలా పడుకుని, తల ఎత్తి, రెండు చేతులూ చరిచాను. నాకు భయం లేని ఎత్తు ప్రస్తుతానికి అంతే. పక్కన నిలబడి మా మనవరాలు, "తాతగారూ, గడ్డం! గడ్డం లోపలికి!" అని అరుస్తోంది. "పడిపోతావు" అని మాత్రం అనలేదు.