మూడు తరాల సాగుకు ఒక్క సంతకం కావాలట

మా నాన్న రాసుకున్న నోటు పుస్తకాలు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఏ ఏడు ఎప్పుడు ఆకుమడి పోశాం, కామందు గారికి ఎన్ని బస్తాలు కొలిచాం, యూరియా కట్ట ఎంత పడింది, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాం, అన్నీ అందులోనే. 1986 ఆగస్టు పేజీలో రెండే ముక్కలు: ‘ఏరు వచ్చింది. ఊడ్పు పోయింది.’ 1996 నవంబరు తుపాను గురించి మాత్రం పేజీన్నర రాశారు. కోతకొచ్చిన చేను నేల కరుచుకుపోయింది, కొబ్బరి చెట్లు మొదళ్లతో సహా లేచిపోయాయి. ఆ ఏడు కౌలు సగం వదిలేసినందుకు కామందు గారి పేరు పక్కన ‘ధర్మాత్ముడు’ అని రాసుకున్నారు.

మాది ఉప్పలగుప్తం మండలంలో కాలువ శివారు ఊరు. తాత దున్నిన చేనే నాన్న దున్నాడు, అదే ఇప్పుడు నేను దున్నుతున్నాను. పట్టాదారు పాసు పుస్తకంలో మా పేరు ఏనాడూ లేదు. ఉండాలని అడగడమూ లేదు, భూమి వాళ్లదే. ఈ ఏడాది ఈ చేను సాగు చేసింది ఫలానావాడని సర్కారు రాసుకోవాలి, దానికి కామందు సంతకం షరతు కాకూడదు. నా గోడంతా ఇదే.

2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చినప్పుడు యజమాని సంతకం తెమ్మని అడగలేదు. గ్రామంలో విచారించి, అభ్యంతరాలు విని కార్డు ఇచ్చేవారు. 2019 చట్టం దాన్ని రద్దు చేసి పంట సాగుదారు హక్కు పత్రం తెచ్చింది. పదకొండు నెలలు చెల్లే ఆ కాగితానికి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పేరులో హక్కు ఉంది, అది ఇంకొకరి దయ మీద నడుస్తుంది.

మా కామందు గారు హైదరాబాదులో ఉంటారు. సంక్రాంతికి వస్తారు, పెళ్లిళ్లకు పిలుస్తారు, మా అమ్మాయి కాలేజీ ఫీజుకి అడక్కుండానే డబ్బు పంపారు. పత్రం సంగతి ఫోనులో కదిపితే మాత్రం, “ఒరే అబ్బాయ్, డబ్బు కావాలంటే అడుగు, సర్దుతాను. కాగితం మాట మాత్రం ఎత్తకు” అన్నారు. “అలాగేనండి” అన్నాను. ఇంకేమంటాను? పక్క చేలు రొయ్యల చెరువులైపోయాయి, వాటికి కౌలు మేం కొలిచేదానికంటే బాగా ఎక్కువ. ఆయన కూడా అటు ఇచ్చేస్తే నాకు దిక్కేది?

ఆయన భయాన్ని కొట్టిపారెయ్యను. 1956 నాటి కౌలు చట్టం కౌలుదారుకు రక్షణ ఇచ్చింది. దాంతో భూమి చేజారుతుందని కామందులు రాతకోతలు మానేశారు. కొందరు రెండేళ్లకోసారి చేను మార్చి ఇచ్చేవారు, ఒకే చేను మీద ఒకడు పాతుకుపోకుండా. కౌలుదారును కాపాడ్డానికి వచ్చిన చట్టమే వాణ్ని నోటిమాట కౌలులోకి నెట్టింది. ఇప్పటి చట్టం అలాంటిది కాదు, ఈ పత్రంతో భూమి మీద ఏ హక్కూ రాదని అదే చెబుతోంది. హక్కే పుట్టని కాగితానికి హక్కుదారు సంతకం దేనికో నాకు ఎంతకీ బోధపడదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది. ఆ పంటతోనే ఆసాముల పిల్లలు చదువుకున్నారు, హైదరాబాదుకీ అమెరికాకీ వెళ్లారు. మంచిదే. వాళ్లు వెళ్లిపోతే నాగలి మాలాంటి వాళ్ల చేతికొచ్చింది. కాటన్ దొర జయంతికి విగ్రహానికి దండలు వేసేటప్పుడు చూడండి, వేదిక మీద ఉన్నవాళ్లలో కాళ్లకు దమ్ము బురద అంటినవాళ్లు ఎందరో!

పత్రం లేకపోతే ఏం పోతుందని అడిగేవాళ్లుంటారు. బ్యాంకు పంట రుణం ఇవ్వదు. ముంపు వస్తే పరిహారం పాసు పుస్తకం ఉన్నవారి ఖాతా వెతుక్కుంటూ పోతుంది. పీఎం కిసాన్ భూమి ఉన్న కుటుంబాలకే. అన్నిటికంటే గట్టి దెబ్బ కళ్ళంలో తగులుతుంది. 2025-26కి ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకి దాదాపు 1,792. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. మిషను కోసిన ధాన్యం ఆ తేమకి దిగాలంటే రోడ్డు మీద ఆరబోసి, రాత్రి బరకం కప్పి, తెల్లారి మళ్లీ తిరగెయ్యాలి. అన్ని రోజులు ఆగే ఓపిక నాకుంది. నాకు పెట్టుబడి పెట్టిన షావుకారుకి లేదు. మిషను దిగకముందే ఆయన లారీ వచ్చి నిలబడుతుంది. తేమకింత, తరుగుకింత అని కోసుకుని, ఆ బస్తాకి ఆయన ఎంతంటే అంత. బ్యాంకు అప్పు పుట్టి ఉంటే ఆ లారీకి మా కళ్ళంలో పనే లేదు.

నాన్న పుస్తకంలో 2011 పేజీ: ‘సార్వా లేదు.’ మురుగు కాలువలు పూడి, ధర గిట్టక, కూలీలు దొరక్క కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన ఏడాది అది. దేశమంతా ఇటు తిరిగి చూసింది, సర్కారు మోహన్ కందా కమిటీని వేసింది. చేను బీడు పెట్టే ఊళ్లోనైనా కౌలుదారుకు అప్పు మీద వడ్డీ ఆగదు. నాన్న ఆ సార్వాకి అరటి తోటల్లో కూలికి పోయాడు.

సాగు చేసేదెవరో తెలుసుకోవడం సర్కారుకి కొత్త పనేం కాదు. ఈ-క్రాప్ నమోదుకి వ్యవసాయ సహాయకుడు చేను దగ్గరికే వచ్చి ఫోటో తీసుకుంటాడు. ఆ ఫోటోలో గట్టు మీద నిలబడ్డది నేనే. మే నెలలో ఊళ్లో గ్రామసభ పెట్టి ఏ చేను ఎవరు దున్నుతున్నారని అడిగితే పూటలో తేలిపోతుంది. అభ్యంతరం ఉన్న యజమానికి పదిహేను రోజులు గడువివ్వండి, రాకపోతే పత్రం రాసెయ్యండి. కాలువలకి నీళ్లు వదిలేలోగా అది మా చేతికి రావాలి. ఆగస్టులో ఇస్తే ప్రయోజనం లేదు, అప్పటికే షావుకారు దగ్గర తెచ్చేసి ఉంటాం.