బ్యాటరీ సూపర్, మరి షేర్ సంగతేంటి? క్వాంటమ్‌స్కేప్‌పై నా మాట

సాలిడ్ స్టేట్ బ్యాటరీల టాపిక్ వస్తే చాలు, ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, క్వాంటమ్‌స్కేప్ షేర్ కొనొచ్చా?" ఇప్పుడు ఫోన్లో యాప్ ఓపెన్ చేసి అమెరికా షేర్లు కొనేయొచ్చు. మొదటి జీతం పెట్టేద్దామని చూస్తున్నవాళ్లు కూడా ఉన్నారు. అందుకే సూటిగా చెప్తున్నా. టెక్నాలజీకి ఫుల్ మార్కులు వేస్తాను, షేర్‌ని మాత్రం ప్రస్తుతానికి దూరం నుంచే చూస్తాను.

ముందు టెక్నాలజీ. మన ఫోన్లలోని లిథియం అయాన్ బ్యాటరీలో ఒకవైపు గ్రాఫైట్, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటాయి. కాలిఫోర్నియాకు చెందిన క్వాంటమ్‌స్కేప్ ఆ ప్లాస్టిక్ ప్లేస్‌లో సిరామిక్ పొర పెట్టి, గ్రాఫైట్‌ని తీసేసింది. ఛార్జ్ పెట్టినప్పుడు అక్కడ లిథియం మెటల్ పేరుకుంటుంది. గ్రాఫైట్ చోటు మిగిలింది కాబట్టి అదే సైజులో ఎక్కువ ఎనర్జీ పడుతుంది. ఇది ఉత్త మాట కాదు. 2025 సెప్టెంబర్‌లో మ్యూనిక్ ఆటో షోలో ఈ సెల్స్‌తో డుకాటి రేస్ బైక్‌ని నడిపి చూపించారు.

ఇప్పుడు డబ్బు లెక్కకి వద్దాం. కంపెనీ 2020 నవంబర్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకి వచ్చింది. డిసెంబర్ మొదట్లో ల్యాబ్ రిజల్ట్స్ చూపించింది: 15 నిమిషాల్లో 80 శాతం ఛార్జ్. అదే నెలలో షేర్ 130 డాలర్లు దాటి, కంపెనీ విలువ ఫోర్డ్‌ని మించిపోయింది. కానీ ఆ రిజల్ట్స్ ఒకే ఒక్క పొర ఉన్న టెస్ట్ సెల్‌వి! ఫ్యాక్టరీ లేదు, అమ్మకాలు లేవు. 2022 చివరికి షేర్ 6 డాలర్ల లోపు. పీక్‌లో లక్ష రూపాయలు పెట్టినవాళ్ల చేతిలో మిగిలింది దాదాపు 5 వేలు.

బ్యాటరీ ఫెయిలై పడిపోలేదు, గమనించండి. ఇంకా పుట్టని ఫ్యాక్టరీకి కూడా జనం ముందే రేటు కట్టేశారు, అంతే.

ఇంకో సమస్య, అమ్మకాలు లేని కంపెనీకి జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? కొత్త షేర్లు అమ్మితేనే. 2021లో 40 డాలర్లకు అమ్మింది, 2023లో 8 డాలర్లకే అమ్మింది. బిర్యానీ అంతే ఉంది, తినేవాళ్లు పెరిగారు. మీ ప్లేట్‌లో ముక్క చిన్నదవుతుంది. 2024 ఒక్క ఏడాదిలోనే నష్టం దాదాపు 47.8 కోట్ల డాలర్లు.

పోటీ కూడా ఆగదు కదా. 2025 మార్చిలో బీవైడీ 5 నిమిషాల ఛార్జింగ్‌తో 400 కిలోమీటర్లు అని ప్రకటించింది, అదీ మామూలు లిథియం అయాన్ బ్యాటరీతోనే. ఫోన్లలో సిలికాన్ కార్బన్ వచ్చి 7000 ఎంఏహెచ్ సన్నటి బాడీలోనే పట్టేస్తోంది. పాత టెక్నాలజీ బాగుపడే కొద్దీ కొత్తదాని అవసరం తగ్గుతుంది.

పాజిటివ్ లేదా అంటే ఉంది. 2024 జూలైలో ఫోక్స్‌వ్యాగన్ బ్యాటరీ కంపెనీ పవర్‌కో లైసెన్స్ ఒప్పందం చేసుకుంది. తయారీ వాళ్లది, రాయల్టీ క్వాంటమ్‌స్కేప్‌ది. సొంతంగా భారీ ఫ్యాక్టరీ కట్టే ఖర్చు తప్పుతుంది. నాకు నచ్చిన నిర్ణయం ఇదే.

కాబట్టి డెమో వీడియో చూసి కొనకండి. మామూలు జనం కొనే కారులో ఈ బ్యాటరీ రావాలి, మూడు నెలల రిజల్ట్స్‌లో రాయల్టీ ఆదాయం కనపడాలి. అప్పుడు షేర్ రేటు ఎక్కువే ఉండొచ్చు, ఫర్వాలేదు. ఆ ఎక్స్‌ట్రా డబ్బు మనశ్శాంతికి కట్టే రేటు అనుకుంటా. ఆగలేను అంటారా? పోయినా బాధపడని డబ్బే పెట్టండి. కొత్త ఫోన్ కోసం దాచింది మాత్రం ముట్టుకోవద్దు!